కాగితం ఏది? ముందస్తు అరెస్టులు, గృహ నిర్బంధాలపై పోలీసు, రెవెన్యూ, న్యాయ అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లోని పోలీసు స్టేషన్ల ఇన్‌చార్జి అధికారులకు,
ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ల హోదాలో ఉన్న తహసీల్దార్లకు, ఆర్డీవోలకు,
రిమాండ్ వినే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లకు

నమస్కారం.

రాత్రీ పగలూ లేని డ్యూటీలు మీవి. ఆ కష్టం మాకు తెలుసు. నేరుగా విషయానికి వస్తున్నాం.

శాంతియుతంగా నిరసన తెలపబోయే వాళ్లను ముందురోజే ఇంట్లోనో స్టేషన్లోనో నిర్బంధించడం గురించి మండలం నుంచి రాజధాని దాకా వినతిపత్రాలు ఇస్తూ వచ్చాం. ముట్టినట్టు స్టాంపు వేసి ఇచ్చారు. జవాబు ఒక్కటీ రాలేదు. ఈలోగా ప్రభుత్వాలు మారాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు తమ గేటు ముందు పోలీసులను చూసి మండిపడిన నాయకులే అధికారంలోకి వచ్చాక అదే పని చేయిస్తున్నారు. అందుకని ఈ లేఖ ఏ పార్టీకీ రాయడం లేదు. సంతకం పెట్టాల్సిన చెయ్యి మీది కాబట్టి మీకే రాస్తున్నాం.

మేం అడిగేది ఒక్కటే. చట్టప్రకారం జరిగే ప్రతి నిర్బంధానికీ ఒక కాగితం ఉంటుంది. ఎవరు పట్టుకున్నారు, ఎన్ని గంటలకు, ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో అన్నది అందులో ఉంటుంది. ఆ కాగితం లేకుండా మనిషిని కదలనివ్వకుండా చేస్తే దాన్ని ముందస్తు అరెస్టు అని పిలిచినా, హౌస్ అరెస్ట్ అని పిలిచినా, ‘ఊరికే స్టేషన్‌లో కూర్చోబెట్టాం’ అని చెప్పినా చట్టం దృష్టిలో అది అక్రమ నిర్బంధమే. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ దాన్ని నేరంగా చూస్తుంది.

‘చలో’ పిలుపుకు ముందురాత్రి

జరుగుతున్న తీరు మీకు తెలియనిది కాదు. అయినా రాసి పెట్టాలి, ఎందుకంటే ఇది ఎక్కడా రాసి ఉండదు.

ఏ ఆశా కార్యకర్తలో, అంగన్‌వాడీలో, భూములు పోయిన రైతులో ‘చలో కలెక్టరేట్’ అనో ‘చలో అసెంబ్లీ’ అనో పిలుపు ఇస్తారు. స్పెషల్ బ్రాంచి దగ్గర పేర్ల జాబితా తయారవుతుంది. ముందురోజు రాత్రి స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది: ‘సార్ ఒకసారి రమ్మంటున్నారు, ఐదు నిమిషాలే’. వెళ్లిన మనిషి మర్నాడు సాయంత్రం దాకా తిరిగి రాడు. వెళ్లకపోతే తెల్లవారుజామున ఇద్దరు కానిస్టేబుళ్లు గేటు దగ్గరికి వస్తారు. ఇంట్లో వాళ్లనే కుర్చీ అడిగి గుమ్మానికి అడ్డంగా వేసుకుంటారు. ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి, పక్కన తాము నిలబడి, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి స్టేషన్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. చాలా హౌస్ అరెస్టులకు మిగిలే రికార్డు ఆ ఫొటో ఒక్కటే. ఏ సెక్షన్ అని అడిగితే, ‘పైనుంచి చెప్పారు సార్, మాదేముంది’ అంటారు. ఆ పై మనిషి ఎవరో ఏ కాగితం మీదా ఉండదు.

రోడ్డెక్కిన వాళ్లను వ్యాన్లలో ఎక్కించి పక్క మండలం స్టేషన్‌కో, ఊరి చివరి ఫంక్షన్ హాలుకో తరలిస్తారు. ఫోన్లు తీసుకుంటారు. ఆధార్ నంబరు, అడ్రసు రాసుకుంటారు. కార్యక్రమం టైము దాటిపోయాక తెల్లకాగితం మీదో, ఖాళీలున్న ఫారం మీదో సంతకం పెట్టించుకుని ‘సొంత పూచీకత్తు మీద వదిలేశాం’ అంటారు. పొద్దున 6 గంటలకు పట్టుకుంటే సాయంత్రం 6 గంటలకు వదులుతారు. ఈ 12 గంటల లెక్కలోనే అసలు కిటుకు ఉంది. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే) పిటిషన్ తయారుచేసి, నంబరు వేయించి, బెంచి ముందుకు తెచ్చేసరికి ‘ఆయన్ని వదిలేశాం’ అని ప్రభుత్వ న్యాయవాది చెబుతారు. పిటిషన్ అక్కడితో నిష్ఫలం. కోర్టు తలుపు దాకా వెళ్లకుండా హక్కును హరించడానికి ఒక పగలు చాలు.

2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు, ఉపాధ్యాయులు పీఆర్సీ (వేతన సవరణ) మీద చేపట్టిన చలో విజయవాడకు ముందు ఆంధ్రప్రదేశ్ అంతటా ఇదే జరిగింది. బడిలో పిల్లలకు ప్రాథమిక హక్కుల పాఠం చెప్పే పంతుళ్లను వాళ్ల ఇళ్లలోనే ఆపారు.

సెక్షన్లు ఏమంటున్నాయి

హౌస్ అరెస్ట్: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం; వేరే చట్టం పేరు చెప్పని చోట కింది సెక్షన్లన్నీ దీనివే) మొదటి నుంచి చివరిదాకా వెతికినా, పోలీసులు తమంతట తాము ఒక మనిషిని ఇంట్లో బంధించవచ్చని చెప్పే సెక్షన్ లేదు. అంతకుముందున్న సీఆర్పీసీలోనూ లేదు. 2018 ఆగస్టులో వరవరరావు తదితరులను గృహ నిర్బంధంలో ఉంచమన్నది సుప్రీంకోర్టు. గృహ నిర్బంధం కూడా ఒక రకం కస్టడీయేనని, తగిన కేసుల్లో కోర్టులు ఆదేశించవచ్చని 2021లో చెప్పిందీ సుప్రీంకోర్టే. రెండుచోట్లా ఆదేశం కోర్టుది. ఎస్సై ఫోన్ మీద ఆధారపడిన హౌస్ అరెస్టుకు ఈ తీర్పులు నీడనివ్వవు.

170వ సెక్షన్, అంటే పాత 151: ఇది మీ చేతిలో ఉన్న నిజమైన అధికారం. కానీ దానికి రెండు తాళాలు ఉన్నాయి. ఒకటి, ఆ మనిషి కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) చేసే పథకంలో ఉన్నాడని అధికారికి తెలిసి ఉండాలి. అనుమానం చాలదు, జాబితాలో పేరుండటం చాలదు. రెండు, అరెస్టు తప్ప వేరే దారిలో ఆ నేరాన్ని ఆపలేని పరిస్థితి ఉండాలి. ఈ రెండూ లేకుండా అరెస్టు చేస్తే రాజ్యాంగం 21, 22 అధికరణాల ఉల్లంఘన కింద ఆ అధికారి మీదే చర్య తీసుకోవచ్చని 2011లో రాజేందర్ సింగ్ పఠానియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటలు గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ గడియారం మనిషిని వ్యాన్ ఎక్కించిన క్షణాన మొదలవుతుంది, స్టేషన్ రైటర్ పేరు రాసుకున్నప్పుడు కాదు.

‘30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉంది’ అనే మాట ఇక్కడే వస్తుంది. నెలనెలా పత్రికల్లో ప్రకటన ఇచ్చి, అది ఉంది కాబట్టి ఎవరూ గుమిగూడరాదని చెబుతున్నారు. 1861 నాటి ఆ చట్టంలో 30వ సెక్షన్ ఊరేగింపులను, సభలను క్రమబద్ధం చేయడానికి ఉంది, ఆపేయడానికి లేదు. ఇదే సెక్షన్‌ను ఆధారం చేసుకుని రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేస్తూ 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన జీవో 1ని అదే ఏడాది మే 12న హైకోర్టు కొట్టేసింది. ఇంకో సంగతి మీ సిబ్బందిలో ఎంతమంది చూశారో గాని, ఆ చట్టం 32వ సెక్షన్లో ఈ ఉల్లంఘనకు రాసి ఉన్న శిక్ష జరిమానా, 200 రూపాయలకు మించకుండా. జరిమానా మాత్రమే ఉన్న నేరం నాన్ కాగ్నిజబుల్. అంటే 30 యాక్ట్ ఉల్లంఘిస్తారన్న కారణంతో 170 కింద ఎవరినీ ముందుగా అరెస్టు చేయడం కుదరదు. రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చదివితే చాలు.

163వ సెక్షన్, అంటే పాత 144, దీనికంటే బలమైనదే. దాన్ని ఉల్లంఘించడం కాగ్నిజబుల్ కూడా. కానీ ఆ ఉత్తర్వు రాతలో ఉండాలి, ఎందుకు అవసరమైందో అందులో ఉండాలి, జనానికి తెలిసేలా ప్రకటించాలి. న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి దాన్ని వాడకూడదని 2020 జనవరిలో అనురాధా భసీన్ తీర్పు స్పష్టం చేసింది. ఉల్లంఘన మీద కేసు నడవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పై అధికారో, ఆయన అధికారమిచ్చిన మరో అధికారో కోర్టుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలని 215వ సెక్షన్ చెబుతోంది. ఎస్సై వేసిన ఎఫ్ఐఆర్, చార్జిషీటు దానికి బదులు కావు. ఈ ఒక్క లోపం మీద 2018లో మద్రాసు హైకోర్టు ఇలాంటి కేసులను కట్టకట్టి కొట్టేసింది. మన దగ్గర మాత్రం అవే కేసులు ఏళ్ల తరబడి వాయిదాలు పడుతూనే ఉన్నాయి.

ఇక బైండోవర్, అంటే శాంతికి భంగం కలిగించనని ముందే బాండు రాయించుకోవడం. తహసీల్దార్లు దయచేసి ఈ పేరా నిదానంగా చదవాలి. 126వ సెక్షన్ కింద ఏడాది దాకా శాంతి పూచీకత్తు అడిగే అధికారం మీకు ఉంది. దానికి 130 కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అందిన సమాచారం సారాంశం, బాండు మొత్తం, గడువు, జామీనుదారుల సంఖ్య అందులో ఉండాలి. సమన్లతో పాటు దాని ప్రతి ఇవ్వాలి. తర్వాత 135 కింద విచారణ జరపాలి, అది 6 నెలల్లో ముగియకపోతే ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప దానంతటదే రద్దవుతుంది. బాండు మొత్తం కేసు పరిస్థితులను బట్టి ఉండాలని, మితిమీరకూడదని 136 చెబుతోంది. ఇప్పుడు మీ ఆఫీసుల్లో వాడే ఫారం చూడండి. ‘శాంతిభద్రతలకు భంగం కలిగించే అవకాశం ఉన్నట్లు విశ్వసనీయ సమాచారం అందినందున’ అని ముందే అచ్చయి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు అనే చోట చుక్కలు. నలభై మందికి నలభై ఫారాలు, అన్నిటికీ అదే ‘విశ్వసనీయ సమాచారం’. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశాడన్నది ఒక్కదాంట్లో ఉండదు. పోలీసులు తెచ్చిన రోజే సంతకం, అదే రోజు బాండు. విచారణ మొదలుపెట్టకుండా మధ్యంతర బాండు అడగడం, ఇవ్వలేదని జైలుకు పంపడం చెల్లదని 1970లోనే మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కమిషనరేట్లలో పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. పట్టుకునే శాఖే మేజిస్ట్రేట్ కుర్చీలోనూ కూర్చుంటుంది. డిప్యూటీ కమిషనర్లకు ఈ అధికారాలు కట్టబెట్టిన ఉత్తర్వులను 2023లో మద్రాసు హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

కాగితం ఉన్నా జనానికి కనపడకపోతే అదీ ప్రమాదమే. ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్‌లో 2022 ఆగస్టులో ఊపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద నమోదైన కేసులో 152 మంది పేర్లున్నాయి. ప్రొఫెసర్ హరగోపాల్ పేరు అందులో ఉంది. 2020లోనే కన్నుమూసిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్.సురేశ్ పేరు కూడా ఉంది. ఈ సంగతి బయటికి తెలిసింది 2023 జూన్‌లో. బెయిలు దొరకడమే గగనమైన చట్టం కింద, తాము నిందితులమని కూడా తెలియకుండా ఆ మనుషులు పది నెలలు తిరిగారు.

మామూలు మనుషుల మీద పడేది

1. జీతం కోత. నిర్బంధంలో గడిపిన రోజు అంగన్‌వాడీ టీచరుకో, ఆశాకో, మున్సిపల్ కార్మికుడికో ఆబ్సెంట్ పడుతుంది. వారం తర్వాత ‘అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు సంజాయిషీ ఇవ్వండి’ అని శాఖ నుంచి మెమో వస్తుంది. ‘పోలీసులు తీసుకెళ్లారు’ అని జవాబిస్తే ‘రుజువేది’ అంటారు. ఒక చేత్తో ప్రభుత్వం పట్టుకుపోయింది, ఇంకో చేత్తో ఎందుకు రాలేదని అడుగుతోంది. మధ్యలో అరెస్టు మెమో ఒక్కటి ఉంటే ఆమెకు రోజు కూలీ అయినా దక్కేది.

2. ఉద్యోగాలకు అడ్డు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా అని విడివిడిగా అడుగుతారు. హాస్టల్ భోజనం గురించి ధర్నాకు వెళ్లి సాయంత్రం వదిలేసిన విద్యార్థి అక్కడ ఏం రాయాలి? అవునంటే ఎంపిక ఆగుతుంది. కాదంటే, స్టేషన్ రికార్డులో పేరుంటే, నిజం దాచాడని తీసేస్తారు. పైగా తన పేరు ఏ రికార్డులో ఎలా ఎక్కిందో చూసుకునే వీలు అతనికి లేదు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనూ ఇదే తంటా.

3. ఆడవాళ్ల సంగతి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి. మహిళా పోలీసు అధికారి రాతపూర్వక నివేదిక ఇచ్చి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. 43వ సెక్షన్ మాట ఇది. తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తట్టడంలో ఏ అనుమతీ ఉండదు. రెండొందల మంది ఆడవాళ్లను నింపిన ఫంక్షన్ హాలులో రెండు మరుగుదొడ్లుంటే, దాంట్లో ఒకదానికి గడియ ఉండకపోతే, పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడం మానేసి కూర్చుంటారు. పాలిచ్చే తల్లులు ఉంటారు. ఈ చిన్న విషయాలు ఏ పై అధికారి సమీక్షలోనూ రావు కాబట్టే ఇక్కడ రాస్తున్నాం.

4. మందులు. నిరసనలకు వచ్చే వాళ్లలో పింఛనుదారులు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు చాలామంది. పొద్దున మాత్ర ఇంట్లో ఉండిపోతుంది. ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకుండా వ్యాన్‌లో కూర్చుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పుతారు. అరెస్టు చేసిన వెంటనే డాక్టరు పరీక్ష 53వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. అరెస్టు రాయలేదు కాబట్టి పరీక్షా ఉండదు. ఎవరికైనా ఏదైనా అయితే ఆ మనిషి మీ కస్టడీలో ఉన్నట్టు చూపేది ఏదీ ఉండదు. కుటుంబానికి పరిహారం అడిగే దారీ ఉండదు.

5. పూచీకత్తు బరువు. బైండోవర్ అయిన కూలీ మనిషి వాయిదా వాయిదాకూ తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కాలి. తహసీల్దార్ వీడియో కాన్ఫరెన్సులో ఉంటే వాయిదా మళ్లీ పడుతుంది. పట్టా పాసుపుస్తకం ఉన్న ఇద్దరు జామీనుదారులను వెతకాలి. భూమి కోసం పోరాడేవాడికి భూమి ఉన్న జామీనుదారు ఎలా దొరుకుతాడు? ఆ ఏడాది పొడుగునా అతను గ్రామసభలో నోరెత్తాలన్నా, బాండు జప్తు అవుతుందేమోనని ఇంట్లో వాళ్లు వెనక్కి లాగుతారు.

6. ఊళ్లో పేరు. గేటు ముందు పోలీసులు కూర్చున్న ఇంటికి చుట్టుపక్కల వాళ్లు రావడం తగ్గిస్తారు. అద్దె ఇల్లయితే ఖాళీ చేయమంటారు.

7. అసలు సమస్య అక్కడే ఉండిపోతుంది. నిర్వాసితుల ప్యాకేజీ, ఆరు నెలల బకాయి వేతనాలు, ఊరి చెరువులో కలుస్తున్న ఫ్యాక్టరీ నీళ్లు. ఏ సంగతి చెప్పుకోవడానికి బయల్దేరారో అది కలెక్టర్ టేబుల్ దాకా చేరదు. మర్నాడు పత్రికలో ‘ముందస్తు అరెస్టులు ప్రశాంతం’ అని మూడు వాక్యాలు వస్తాయి.

8. మీ కింది సిబ్బంది. ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాం. నోటిమాట మీద పనిచేసిన కానిస్టేబుల్, ఎస్సైలే రేపు కోర్టులో బోనెక్కాల్సి వస్తుంది. ఫోన్ చేసిన పెద్దాయన పేరు ఎక్కడా ఉండదు. 1985లో జమ్మూ కాశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్‌ను అసెంబ్లీకి వెళ్లకుండా దారిలోనే పట్టుకుని దాచినందుకు సుప్రీంకోర్టు 50 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పులో కోర్టు కిందిస్థాయి పోలీసులు చిన్న మనుషులని, వెనక ఎవరో ఉన్నారని గుర్తించింది కూడా. కానీ వెనకున్న వాళ్ల పేర్లు చెప్పే కాగితం అప్పుడూ లేదు. రాతపూర్వక ఆదేశం అడగడం మీ సిబ్బందికి రక్షణ.

మా డిమాండ్లు

1. కోర్టు ఆదేశం లేని హౌస్ అరెస్టులు పూర్తిగా ఆపాలి. గేటు దగ్గరికి వచ్చిన సిబ్బంది దగ్గర ఉత్తర్వు ప్రతి ఉండాలి. లేకపోతే ఆ మనిషి బయటికి వెళ్తుంటే అడ్డుకోరాదని డీజీపీ కార్యాలయం నుంచి రాతపూర్వక సర్క్యులర్ రావాలి.

2. 170 కింద అరెస్టు చేస్తే కారణాలు రాతలో, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఇది కొత్త కోరిక కాదు. అరెస్టు కారణాలు చెప్పడం 22(1) అధికరణం కింద తప్పనిసరి అని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో, రాతపూర్వకంగా, తెలిసిన భాషలో ఇవ్వాలని అదే ఏడాది నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. కోయ, గోండి మాట్లాడే చోట ఆ భాష తెలిసిన వాళ్లతో చదివి వినిపించాలి. ‘శాంతిభద్రతల దృష్ట్యా’ అన్న రెండు ముక్కలు కారణం కిందికి రావు. ఏ నేరం, ఎక్కడ, ఏ సమాచారం ఆధారంగా, వేరే దారి ఎందుకు లేదు అన్న నాలుగింటికీ జవాబు అందులో ఉండాలి.

3. 36వ సెక్షన్ చెప్పిన అరెస్టు మెమో అక్కడికక్కడే రాయాలి. కుటుంబ సభ్యుడో, ఆ వీధి మనిషో సాక్షి సంతకం పెట్టాలి. పట్టుకున్న సమయం, వదిలిన సమయం జనరల్ డైరీలో ఎక్కాలి. వదిలేటప్పుడు ఆ వివరాలతో ధ్రువపత్రం ఇవ్వాలి. ఉద్యోగులకు, విద్యార్థులకు ఇది అన్నిటికంటే అత్యవసరం.

4. తెల్లకాగితాల మీద, ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకోవడం వెంటనే మానాలి.

5. ఫంక్షన్ హాళ్లు, గోదాములు నిర్బంధ స్థలాలుగా వాడకూడదు. సీసీ కెమెరా కంటికి అందని చోటు కోసమే అక్కడికి తీసుకెళ్తున్నారన్న అనుమానానికి తావివ్వకండి. 2020 డిసెంబరు నాటి పరంవీర్ సింగ్ సైనీ తీర్పు ప్రకారం ప్రతి స్టేషన్‌లో కెమెరాలు ఉండాలి, ఫుటేజీ 18 నెలలు దాచాలి. నిరసన రోజు ఫుటేజీ అడిగితే ‘హార్డ్ డిస్క్ పాడైంది’ అన్న జవాబు ఇక వద్దు.

6. 37వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అరెస్టయిన వాళ్ల వివరాలు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. ముందస్తు అరెస్టులకూ ఇది వర్తింపజేయాలి. ఏ స్టేషన్‌లో ఉన్నారో తెలియక ఇంటివాళ్లు నాలుగు స్టేషన్లు తిరిగే పరిస్థితి ఉండకూడదు.

7. సభకో, ధర్నాకో అనుమతి కోరితే కనీసం 72 గంటల ముందు రాతపూర్వకంగా తేల్చి చెప్పాలి. నిరాకరిస్తే కారణం రాయాలి, బదులుగా ఏ స్థలం, ఏ సమయం ఇస్తారో చెప్పాలి. ముందురోజు రాత్రి పది గంటలకు నిరాకరణ ఇస్తే కోర్టుకు వెళ్లే వ్యవధే ఉండదు. ఆ సంగతి మీకూ తెలుసు.

8. శాంతియుత నిరసనకారుల మీద 126 కింద పెట్టిన కేసుల్లో 6 నెలలు దాటినవన్నీ రద్దయినట్టు తహసీల్దార్లు రాతపూర్వకంగా నమోదు చేయాలి. స్టేషన్ రికార్డుల నుంచి ఆ పేర్లు తీయించాలి. అచ్చు ఫారాలను పక్కన పడేయాలి.

9. నిరసనల్లో నిషేధాజ్ఞల ఉల్లంఘన పేరుతో నమోదై పెండింగులో ఉన్న కేసులను 360వ సెక్షన్ కింద ఉపసంహరించాలి. హింస ఆరోపణ లేని కేసులకే ఈ మాట చెబుతున్నాం.

10. జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. రిమాండ్ రిపోర్టులో రాసిన అరెస్టు సమయాన్ని మాత్రమే చూడకండి. ‘నిన్ను ఎన్ని గంటలకు, ఎక్కడ పట్టుకున్నారు? కారణం కాగితం ఇచ్చారా? ఇంట్లో వాళ్లకు చెప్పారా? కొట్టారా?’ అని ఆ మనిషినే అడగండి, పోలీసులను కాస్త దూరంగా నిలబెట్టి అడగండి. జవాబును నమోదు చేయండి. కారణాలు రాసివ్వని అరెస్టు మీద రిమాండ్ నిరాకరించే అధికారం మీకు ఉంది. కింది కోర్టు అడిగే ఆ నాలుగు ప్రశ్నలు హైకోర్టులో వేసే పిటిషన్ కంటే త్వరగా ఒక మనిషిని ఇంటికి చేరుస్తాయి.

11. నిర్బంధం అక్రమమని తేలినచోట పరిహారం ఇవ్వాలి. ఆ మొత్తాన్ని ఆదేశించిన అధికారి నుంచి రాబట్టాలి.

హింసకు దిగితే మీ అధికారాలు మీకు ఉన్నాయి, వాటిని మేం ప్రశ్నించడం లేదు. రాళ్లు పడ్డ చోట కేసు పెట్టండి, ఎవరు విసిరారో పేరు పెట్టి రాయండి. కానీ ప్లకార్డు పట్టుకున్న చేతిని ముందురోజే ఇంట్లో కట్టేయడానికి రాజ్యాంగం 19వ అధికరణం ఒప్పుకోదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ప్రతి పౌరుడిదీ అని అందులో రాసి ఉంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరిన దేశం మనది.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం. దానితో పాటే, ఇకపై నిరసన పిలుపు ఇచ్చిన ప్రతిసారీ మా వాళ్లను పట్టుకున్న ప్రతి స్టేషన్‌కూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాం. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తులో మూడే ప్రశ్నలుంటాయి: ఈ తేదీన మీ స్టేషన్‌లోనూ, మీ సిబ్బంది కాపలాలో ఇళ్లలోనూ ఎంతమందిని ఆపారు? ఒక్కొక్కరినీ ఏ సెక్షన్ కింద ఆపారు? ఆ మేరకు ఉన్న రాతపూర్వక ఆదేశం మీద సంతకం ఎవరిది?

ఇట్లు,
పౌర హక్కుల కేసులు చూసే న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు